వెలుతురు చెప్పిందాకా

నెల్లూరు పొగతోట. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.
రేపు పొద్దున నా కుడి మోకాలు కోసి
కొత్తది బిగిస్తారు.
"దాని పెట్టె చూపించండి" అన్నాను.
సిస్టర్ సులోచన నవ్వింది,
"ఏంది తాతా, చీర బేరమా?"

బేరం కాదమ్మా.
ముప్పయ్యొక్క ఏళ్ళు మీనంబాకం హ్యాంగరులో
విమానం ఎక్కే ప్రతి ముక్కా
ముందు నా బల్ల ఎక్కి దిగింది.
బేరింగు, బోల్టు, రబ్బరు రింగు,
కందిగింజంత రివెట్టు.
ఎవరు చేశారు, ఏ కొలిమిలో, ఏ తేదీన,
ఎవరెవరి చేతులు మారి వచ్చింది,
జాతకం లేని ముక్కకు మా ఇంట్లో పెళ్ళి లేదు.
ఎంత నిగనిగలాడినా
కాయితం లేకపోతే అది ఉత్త ఇనుము.
ఎర్ర చీటీ కట్టి కంచె గదిలో పెట్టి తాళమేయడమే.
ఒకసారి కాయితాలు వానకు తడిసొచ్చిన పంపుని
మంచిదని తెలిసే తిప్పి పంపాను.
తెలియడం వేరు, చూపించడం వేరు.

ఈ చూపు హ్యాంగరు ఇచ్చింది కాదు.
సైదాపురం గనుల కాడ, రేకుల షెడ్డులో
మా అమ్మ చెంచమ్మ అభ్రకం ఏరేది.
కొడవలితో అంచులు కోసి, పొరలు విడదీసి
ఒక్కో పలకనూ ఎండకెత్తి చూసేది.
మచ్చుంటే ఎడమ తట్ట, చీలికుంటే వెనక తట్ట,
పచ్చగా, చెరువు నీళ్ళలా ఉంటే ఒళ్ళోకి.
ఆమె ముఖం మీద పచ్చ వెలుగు పడితే
మంచి పలక దొరికిందని
గేటు కాడి నుంచే తెలిసిపోయేది నాకు.
"తొందరపడబాకురా.
వెలుతురు చెప్పిందాకా నువ్వు చెప్పబాకు."
ఆమెకు సంతకం రాదు.
సాయంత్రం మేస్త్రీ పుస్తకంలో వేలిముద్ర,
ఆ వేలికీ అభ్రకం పొడి.
ఆ పుస్తకంలో మా అమ్మ పేజీలు తళుక్కుమనేవి.

ఒక్క రాత్రి ఉంది. ఎవరికీ చెప్పలేదు.
కార్తీక మాసం, జోరువాన, రెండు గంటలప్పుడు.
బయట నూటపది మంది ఎక్కి కూర్చున్న విమానం,
బల్ల మీద మోగుతూనే ఉన్న ఫోను.
బ్రేకు సీలు పొట్లం మీద ఆఖరి అంకె
మూడో, ఎనిమిదో.
భూతద్దం పై అంతస్తులో ఉంది.
మూడనుకున్నాను. ముద్ర కొట్టి పచ్చ చీటీ కట్టాను.
ఏమీ కాలేదు.
విమానం పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది.
తెల్లారి పొట్లం కోసం వెతికితే చెత్తబుట్ట ఖాళీ.
ఏమీ కాకపోవడం రుజువు కాదు.
ఆ అంకె ఇప్పటికీ
కొన్ని రాత్రులు మూడు, కొన్ని రాత్రులు ఎనిమిది.

తొమ్మిదింటికి పెట్టెలు వచ్చాయి.
డాక్టర్ ప్రద్యుమ్నే తెచ్చాడు, విసుగ్గా,
చెప్పులు టపటపలాడిస్తూ.
కళ్ళజోడు తుడుచుకున్నాను.
తొడ వైపు ముక్క: లాటు నంబరు, సైజు, కుడి. సరే.
కింది ముక్క సరే. సీళ్ళు చెదరలేదు.
మధ్యన పెట్టే మెత్త, చిన్న పెట్టె,
తేదీ కాడ స్టిక్కరు కాస్త దళసరిగా తగిలింది వేలికి.
ట్యూబులైటుకు ఎత్తి పట్టాను.
స్టిక్కరు మీద స్టిక్కరు.
గోరుతో అంచు లేపితే కింద ఇంకో తేదీ,
పోయిన మార్చి.

డాక్టరు మంచం అంచున కూర్చున్నాడు.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
కాసేపటికి ఫోను తీసుకుని వరండాలోకి పోయాడు.
అక్కడ ఎవరి మీదో అరుస్తున్నాడు.

"తాతా, ఎర్ర చీటీ ఎట్టా రాయాలి?"
సులోచన ప్లాస్టరు ముక్క మీద ఎర్ర పెన్నుతో రాసింది,
నేను చెప్పాను: వస్తువు, లాటు, కారణం, తేదీ.
"ముద్ర?"
అది ఉద్యోగంతోనే అప్పజెప్పేశాను.
దూది మీది బీటాడిన్‌లో
బొటనవేలు అద్ది నొక్కాను.

ఆపరేషన్ బేస్తవారానికి పడింది.
అప్పటిదాకా ఈ పాత మోకాలే,
రాత్రంతా సలుపుతూ.
చేసింది చెంచమ్మ, సైదాపురం.
తేదీ ఎవరూ రాసుకోలేదు.