నేలకు కక్కు పెట్టేవాడు

ఫ్రీస్‌లాండ్‌లో అక్టోబరంటే
మబ్బు గడ్డి మీద మోకాళ్లూని కూర్చోవడం.
వర్కుమ్ దాటాక, కాలువ మలుపులో
రిక్స్ట్ పాల కొట్టం.
ట్రక్కు దిగగానే కాఫీ తాగుతావా అని అడగలేదు.
మూడో వరసలోకి తీసుకెళ్లి, మడమతో నేలను తట్టి
"ఇక్కడే" అంది.

ఇక్కడే, పోయిన మంగళవారం,
చూడి ఆవు వెనక కాళ్లు
చెరో దిక్కుకూ జారిపోయాయట.
ట్రాక్టరు, నడుముకు పట్టీలు, ముగ్గురు మనుషులు.
లేవలేదు.
పేరు చెప్పలేదామె. చెవి పోగు మీది నెంబరు చెప్పింది.
నాలుగు వేల నాలుగు వందల పదిహేడు.

ఇరవై రెండేళ్ల కాంక్రీటు.
పోసిన రోజున చీపురు గీతలు ఉండేవట.
వాటిని డెక్కలు కొంత తినేశాయి,
పేడ నెట్టే గొలుసు పార కొంత,
మిగిలింది మూత్రం, సబ్బునీళ్లు.
టార్చి వేస్తే నా ముఖం కనిపించింది.
పశువుకి అద్దమెందుకు?

డుర్క్ కంప్రెసరు రాజేశాడు.
గాలి గొట్టం పాములా ఒళ్లు విరుచుకుంది.
నా యంత్రానికి పన్నెండు సుత్తులు,
సుత్తి సుత్తికీ టంగ్‌స్టన్ పళ్లు.
నేలకు ఆనించానో లేదో
ఊరంత మూకుడులో పేలాలు వేగినట్టు మోత!
నీళ్లు చల్లుతూ వెనక డుర్క్,
బూడిద రంగు బురదలో ముందు నేను,
అడుగు తర్వాత అడుగు,
నాట్లు వేసేవాళ్లలా, కాకపోతే ముందుకి.

మా తాత చెబ్బే
గాలిమరల తిరగళ్లకు కక్కు కొట్టేవాడు.
రాయి అరిగితే పిండి కాదు, ఉత్త వేడి వస్తుందనేవాడు.
ఉలి నుంచి లేచిన ఉక్కు రజను
అతని చేతుల వెనక నల్ల చుక్కలై ఉండిపోయింది.
చిన్నప్పుడు వాటిని లెక్కపెడుతూ నిద్రపోయేవాణ్ణి.
ఎప్పుడూ నలభై దాటలేదు నేను.

నా చేతులకు చుక్కల్లేవు. మంచి గ్లవ్సు ఇస్తారు మాకు.
చలి సోకితే మాత్రం మూడు వేళ్లు
కొవ్వొత్తుల్లా తెల్లబడతాయి.
డాక్టరమ్మ ఒక పట్టు పేలిక, ఒక గరుకు కాగితం చేతిలో పెట్టి
కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పమంది.
"రెండోది ఇంకా ఇవ్వలేదు కదా" అన్నాను.

అందుకే పనయ్యాక
బూట్లు విప్పుతాను, మేజోళ్లు విప్పుతాను.
అరికాలికి ఇంకా తెలుసు.
మూడు మిల్లీమీటర్లు, అంతే.
లోతు తక్కువైతే జారుతుంది,
ఎక్కువైతే డెక్క అరిగి, పశువు కుంటి,
అప్పుడు తిట్లు నాకే.
కొత్త గంట్ల అంచులు కత్తుల్లా ఉంటాయి,
ఒక కాంక్రీటు దిమ్మను తాడు కట్టి
రెండు సార్లు ఈడ్చాం వాటి మీద.
మళ్లీ నడిచి చూశాను.
చల్లటి బురదలో ఒక ముసలాడు
కళ్లు మూసుకుని నడుస్తుంటే
డుర్క్ అటు తిరిగి నిలబడ్డాడు. మంచి కుర్రాడు.

సాయంత్రం పాలవేళకు గేటు తీశారు.
మొదటి ఆవు అంచు దగ్గర ఆగింది.
మూతి దించి వాసన చూసింది.
ఒక కాలు పెట్టింది, తీసింది,
మళ్లీ పెట్టింది.
వెనకవి తోస్తున్నాయి, అది కదలదు.
ఎవరూ కర్ర ఎత్తలేదు.
తర్వాత, తనకేం తొందర లేనట్టు
నడుచుకుంటూ సరిగ్గా మూడో వరసలోకి వెళ్లి
వెనక కాలొకటి గాలిలోకి ఎత్తి,
మూడు కాళ్ల మీద నిలబడి
మెడ వెనక్కి తిప్పి
తీరిగ్గా తన తొడ నాకుకుంది.

రిక్స్ట్ నా భుజం గట్టిగా పట్టుకుంది.
"చాలా ఏళ్లయింది, ఇలా ఒక్కటైనా చేసి" అంది.
ఇంకేదో అనబోయి
కాఫీ పెడతానని లోపలికి వెళ్లింది.

బిల్లు మీద సంతకం చేయాలి.
జేబులు తడిమాను, ట్రక్కులో వెతికాను,
పెన్ను ఎక్కడ పడేశానా అని.
డుర్క్ మెల్లగా చెప్పాడు,
నీ చేతిలోనే ఉందని.