మూడో కేక

ముప్పై ఒక్క ఏళ్ళు నా ఉద్యోగం, కేక.
గుంటూరు కోర్టు వరండాలో
డవాలు భుజానికి అడ్డంగా,
మనిషి పేరు, తండ్రి పేరు,
మూడుసార్లు.
మొదటిది వరండాకి.
రెండోది చెట్టుకింద ప్లీడరు గుమాస్తాలకి.
మూడోది గేటు దాటి
టీకొట్టు దగ్గర గ్లాసు ఇంకా కింద పెట్టని వాడికి.
మూడో కేకే అసలుది.
దానికే జీతం.

మిర్చి సీజన్లో గాలి ఘాటెక్కితే
జడ్జీలు, దొంగలు, కానిస్టేబుళ్ళు
అందరిదీ ఒకటే దగ్గు.
అప్పుడు కూడా నా గొంతు చెడలేదు.

కొండ్రు ఏసుపాదం, తండ్రి దావీదు.
యార్డులో హమాలీ.
బస్తాకి కూలెంతో మాట్లాడినన్నాళ్ళు
ఎవరూ పట్టించుకోలేదు.
ఆ కూలి ఎవరి జేబులోకి పోతోందో
పేరుపెట్టి మాట్లాడి,
వార్డుకి నామినేషన్ వేసి,
మా కోర్టుకొచ్చాడు.
జెండా కర్ర మారణాయుధమైంది.
దానికి చీటీ కట్టి, లక్కముద్ర వేసి పంపితే
వాయిదా వాయిదాకీ బల్లమీద పెట్టేది నేనే.
తేలిక కర్ర. సరుగుడు.
కొసన రెండు మేకులు, ఇంత గుడ్డ పీలిక.

మొదటి అయ్యగారు ఒకే ప్రశ్న అడిగారు:
"ఈ సాక్షి అదే రోజు, అదే గంటకి
తెనాలి పంచనామాలో కూడా సంతకం పెట్టాడే,
రైలెక్కాడా, ఎగిరాడా?"
కోర్టంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఆరకముందే బదిలీ కాయితం వచ్చింది.
ఆయన పుస్తకాలు మిరప గోతాల్లో కుట్టి
లారీ ఎక్కించాం.
కుర్చీ మీది దిండు మరిచిపోయి వెళ్ళారు.

కొత్తాయన కోపం లేని మనిషి.
తల ఎత్తేవారు కాదు.
బోర్లించిన ఫోను బల్లమీద వణికినప్పుడల్లా
కలం ఆగేది,
ఆగినచోట సిరా చుక్క.
తెనాలి సంగతి ప్లీడరు ఎత్తబోతే
"రికార్డులో లేదు" అన్నారు.
నవ్వు రికార్డుకెక్కదు గదా.

శ్రావణం. రాత్రంతా వాన.
మూడు వంతెనల కింద నడుంలోతు నీళ్ళు.
పదిన్నరకి బెంచి గుమాస్తా పక్కకొచ్చి
"పున్నయ్యా, నీకు జలుబు చేసినట్టుందే" అన్నాడు.
లేదన్నాను.
"చేసింది" అన్నాడు,
నా చొక్కా గుండీ సర్దుతూ.
ఆర్నెల్లలో నా రిటైర్మెంటు.
పెన్షను ఫైలు ఆయన బీరువాలో.

పిలిచాను.
మొదటి కేక గోడకి.
రెండోది నా గడ్డానికి.
మూడోది మింగాను.

ఆ నెల జీతం పూర్తిగానే వచ్చింది.

పదకొండుకి వచ్చాడు ఏసుపాదం,
మోకాళ్ళ పైకి మడిచిన ప్యాంటు,
చెప్పులు చేతిలో,
నెత్తిమీద పాలిథిన్ సంచి.
ఒళ్ళంతా తడి, కోర్టు కాయితాలు మాత్రం పొడి.
"అన్నా, పిలిచారా?"
"పిలిచాం" అన్నాను.
ఒక్కణ్ణే పిలిచి, పిలిచాం అన్నాను.

బెయిలు రద్దయింది.
వార్డు ఏకగ్రీవమైంది.
తీర్పు రోజున నా గొంతు ఖంగున మోగింది,
నీళ్ళ ట్యాంకు మీది పావురాలు లేచిపోయాయి.
పిలవాల్సిన మనిషి సంకెళ్ళతో
నాకు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.
ఏడేళ్ళు.

ఇప్పుడు సంగడిగుంటలో
పాలవాణ్ణి పిలిచినా మాట గడప దాటదు.
డాక్టరు నోట్లో టార్చి వేసి చూసి
ఏమీ అడ్డం లేదన్నాడు.
ఉంది.
తండ్రి పేరుతో సహా ఉంది.

వాన గట్టిగా పడిన పొద్దున
మూడు వంతెనల దగ్గరికి పోయి నిలబడతాను.
నీళ్ళలోంచి ఎవరెవరో
నెత్తిన ఏవేవో పెట్టుకుని వస్తుంటారు.
గట్టెక్కి, వగరుస్తూ, టైమెంతయిందని అడుగుతారు.

ఇంకా పది కాలేదు,
నిదానంగా పొమ్మంటాను.