రాగి తల

మా వకీలు రాసిన నోటీసు నాలుగు పేజీలు.
మూడో పేజీలో, నా పేరుకీ సైదావలీ పేరుకీ నడుమ
ఒక మాట అడ్డంగా పడుకుని ఉంది:
లాగర్‌హెడ్స్.

గవర్నర్‌పేట కోర్టు గోడవార
టైపు కొట్టే దైవాధీనం గారిని అడిగాను.
"ఏం లేదు నాంచారయ్యా,
మీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని."
ఆ ముక్క తెలుగులో ఏడవచ్చుగా అన్నాను.
తెలుగులో అయితే ఫీజు తగ్గుతుందన్నాడు. నవ్వలేదు.

పని లేని మధ్యాహ్నం. ఆయనే మళ్లీ అందుకున్నాడు.
"లాగర్ అంటే గుర్రం పారిపోకుండా కాలికి కట్టే దుంగట,
మన గొడ్ల మెడలో గుదికర్రలాగా.
దాన్నుంచి మొద్దుబుర్ర అనే తిట్టు.
ఆ తర్వాత ఒక పనిముట్టుకీ అదే పేరు:
పొడుగు కడ్డీ, కొసన గుండులాంటి ఇనప తల.
ఎర్రగా కాల్చి తారులో ముంచితే తారు కరిగేది,
ఓడ చెక్కల సందులు పూడ్చేవాళ్లు.
ఒళ్లు మండితే అవే ఎత్తి కొట్టుకునేవాళ్లని కొందరంటారు.
కాదు, రెండు మొద్దుబుర్రలు ఢీకొనడమే అని ఇంకొందరు.
చూసినవాడెవడు?"

ఆటోనగర్ బస్సులో నిలబడే వచ్చాను.
బెంజి సర్కిల్ దాటినా
ఆ కడ్డీ చల్లారలేదు.

మా కొట్లోనూ ఉంది అలాంటిది. తల రాగిది.
పిడికి చుట్టిన గోనెపట్టాలో
ఇరవై రెండేళ్ల చెమట, ఏది ఎవరిదో తెలీదు.
ఎన్ని లారీల రేడియేటర్లకి
దాంతో సీసం పెట్టామో లెక్క రాయలేదు.
రాసిన లెక్కల దగ్గరే, కిందటి శ్రావణంలో,
అది గాల్లోకి లేచింది.
లేపింది వలీ అని నోటీసులో ఉంది.
వకీలుకి అలా చెప్పింది నేనే.
లేపిందీ నేనే.

కొట్టు ముందు నూజివీడు మామిడికాయల లారీ,
కాయలు మగ్గిపోతాయని డ్రైవరు గోల.
సుద్దగీతకి అవతల వలీ ఒక్కడే
రేడియేటర్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని,
ఒక చేత సీసం పుల్ల, ఒక చేత కడ్డీ,
పగులు దగ్గరికి వచ్చేసరికి అంతా పక్కకి జారుతోంది.

చెప్పులైనా విప్పకుండా కూర్చుని
రెండో కొస పట్టుకున్నాను.
నవాసారం పొగ
ఇద్దరి కళ్లలోకీ వెళ్లింది.

"కాస్త వంచు," అన్నాడు.
తొమ్మిది నెలల్లో మొదటి మాట.
వంచాను.

సంతకం పెట్టాల్సిన నోటీసు చొక్కా జేబులోనే ఉంది,
చెమటకి పేజీలు ఒకదానికొకటి అంటుకుంటూ.