బాణం గుర్తు

డాంకాస్టర్‌లో నవంబరు.
తెల్లవారి ఐదింటికి బాయిలర్ లేస్తుంది.
ఐదూ పదికి సిరిల్ థాక్రే ఇంట్లో
సుత్తి లేస్తుంది.
ఠంగ్. ఠంగ్. ఠఠంగ్.
రాత్రి బస్సు నడిపొచ్చి రెండింటికి పడుకున్న
పక్కింటి ఓర్లా
చీపురు కర్రతో గోడ మీద బదులు కొడుతుంది.
తెలియనివాళ్ళు వింటే
ఇద్దరూ పాత స్నేహితులనుకుంటారు.

మొదటిసారి వెళ్ళి, గాలి అన్నాను.
చిట్టి తాళంచెవితో ఆరు రేడియేటర్ల
గొంతులూ సవరించాను.
ముందు బుస, తర్వాత తుంపర,
ఆ తర్వాత సిరాలా నల్లటి నీళ్ళు.
నలభై పౌండ్లు తీసుకున్నాను.
మర్నాడు ఐదూ పదికి, ఠంగ్.

మళ్ళీ వెళ్ళి, పంపు అన్నాను.
మూడో నంబరు మీద ఆయాసపడుతున్నదాన్ని
రెండుకి దించాను.
అక్కడితో ఆగక హాల్లో కార్పెట్ చుట్టి, పలకలు లేపి
వేడెక్కినప్పుడల్లా దూలానికి ఒరుసుకుంటున్న
రాగి గొట్టం పట్టుకున్నాను.
కింద మెత్తగా దూర్చడానికి ఏదైనా గుడ్డ అడిగితే
సిరిల్ తన రైల్వే టోపీ తెచ్చి
తనే కత్తెరతో అంచు కోశాడు.
"పర్లేదు అమ్మాయ్,
దీనికి సరిపోయే జుట్టు ఎప్పుడో పోయింది."
టిక్కుటిక్కులు ఆగాయి.
సుత్తి ఆగలేదు.

నలభై ఒక్క ఏళ్ళు
ఆగిన రైళ్ళ చక్రాలని కొట్టి విన్న మనిషి.
మంచి చక్రం గంటలా మోగుతుందట,
బీటవారినది కుండలా పలుకుతుందట.
ఇప్పుడు కుడి చెవి లేదు, ఎడమది సగం.
"అయితే ఈ చప్పుడు మీకెలా వినబడుతోంది?"
అన్నాను, కాస్త విసుగ్గానే.
"నాకు వినబడదు. మంచం చెబుతుంది."

మూడోసారి ఆయన నన్ను ఏమీ అననివ్వలేదు.
నా సంచిలోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి
మొన గొట్టానికి, పిడి చెవి వెనక ఎముకకి
ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.
వంటింట్లోంచి మెట్ల కిందికి,
మెట్ల మీంచి పైకి
మోకాళ్ళ మీద, అడుగడుక్కీ నాడి చూస్తూ
వెనక పడకగదిలో కిటికీ కింద ఆగాడు.
అక్కడే కొంచెంసేపు ఉన్నాడు.
స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి
టీ పెడతానని దిగిపోయాడు.

నా ఎముకకి ఆనించుకున్నాను.
లోపల నీళ్ళు
తలుపు వెనకనుంచి వచ్చి తోస్తున్నాయి,
తలుపు కాస్త లేచి, టక్కున పడుతోంది,
లేచి, పడుతోంది.
తెల్లటి మూత ఊడదీసి టార్చి వేశాను.
ఇత్తడి మీద బియ్యపుగింజంత బాణం.
బాణం ఇటు.
నీళ్ళు అటు.

ఆ వాల్వు బిగించింది నేనే.
సెప్టెంబరులో, శుక్రవారం,
నాలుగున్నరకి, ఒక కాలు అప్పటికే వ్యానులో.
పిల్లని చంకలో పెట్టుకుని
మూడు వారాలుగా గాలినీ పంపునీ
వందేళ్ళ దూలాన్నీ తిడుతున్నాను.

నీళ్ళు దించాను. అటుది ఇటు, ఇటుది అటు మార్చాను.
నింపాను. ముల్లు ఒకటిన్నర మీద నిలబడేదాకా
నిలబడ్డాను.
టీ చల్లారిపోయింది.
"మొదటి రోజే తెలుసు కదూ మీకు?"
ఆయన బిస్కట్ ముంచి తీశాడు.
"యార్డులో మేం కొత్తవాళ్ళకి చక్రం చూపించం.
సుత్తి ఇస్తాం."
నేను తిరిగిచ్చిన నలభై పౌండ్లు
మడతపెట్టి జేబులో వేసుకున్నాడు,
వద్దనలేదు.

మర్నాడు ఐదూ పదికి
ఏ చప్పుడూ లేదు.
ఆ లేకపోవడానికే మెలకువొచ్చి
ఓర్లా కాసేపు చీకట్లో చెవి ఒగ్గిందట.
భయమేసి, చీపురు తిరగేసి
గోడ మీద ఒక్కసారి, మెల్లగా.
మంచం ఆయనకి చెప్పింది.
వేలి కణుపుతో
ఆయనా ఒక్కసారి.