పదకొండు టేబుళ్ళ జపాను

మనామాల, అద్లియా గల్లీల
మా హోటల్ల టేబుళ్ళకు నంబర్లు లేవు,
ఊర్ల పేర్లున్నయి.
ఏసీ నెత్తిమీద బుస్సుమనే మూలది సపోరో.
వంటింటి తలుపు పక్కన ఉడుకు తగిలేది నాహా.
కనజావాకు ఒక కాలు పొట్టి,
దానికింద నేను మడిచి పెట్టిన అట్టముక్క.

ఏడేండ్ల సంది జపానంత తిరుగుతున్న
తడిగుడ్డ పట్టుకొని.
"లింబాద్రీ, ఒసాకా తుడువు!"
"లింబాద్రీ, క్యోటోల బిల్లడుగుతున్నరు!"
రాత్రి ఒంటిగంటకు
సెండాయ్ కింద మెతుకులు ఊడ్చి
హిరోషిమా మీద కుర్సీలు బోర్లేస్త.

వండేటోళ్ళల్ల ఒక్కడు ఆ దేశం చూడలే.
కత్తి పట్టేది ఇలోయిలో రోడెల్,
నూడుల్స్ ఉడకబెట్టేది పోఖరా తిలక్.
అన్నంల సిర్కా కలిపేది నేను,
పెండ్లిల చాప మీద రాశిపోసి ఆరబెట్టినట్టు
అట్టతోని విసురుకుంట, విసురుకుంట.

బేస్తవారం బేస్తవారం కుసునోకి సారు వస్తుండె,
సముద్రం నీళ్ళను మంచినీళ్ళు జేసే కంపెనీల ఇంజనీరు.
ఎప్పుడొచ్చినా హకాటాల ఒక్కడే.
"సారూ, ఇండ్ల మీ ఊరేది?" అని అడిగిన.
పదకొండు టేబుళ్ళు చూసి నవ్విండు.
"మాది చిన్న ఊరు. దానికి టేబులెవరేస్తరు?"
"మాది గూడ అంతే సారు," అన్న.
ఆ రాత్రి హోటల్ల
మా ఇద్దరి ఊర్లే లేనియి.

ఓనాడు గ్లాసుల నీళ్ళు పోస్తుంటే అడిగిండు:
"అందరికి పెడ్తవు. నువ్వెక్కడ తింటవు?"

శుక్రవారం గుదైబియాకు తోల్కపోయిన.
లిఫ్టు నడువది, మూడంతస్తులు ఎక్కాలె.
పోశన్న మెస్సుకు బోర్డు లేదు,
గడప ముంగట చెప్పుల కుప్పే బోర్డు.
సారు బూట్లిడిచి
వంగి, రెండిటి ముక్కులు బయటికి తిప్పిపెట్టిండు
పోయేటప్పుడు తొడుక్క సులువుండాలెనని.
మా చెప్పులు మాత్రం
ఒకదాని మీదొకటి ఎక్కి పండుకున్నయి.

పాత పేపరు పరిచి కూసున్నం.
సాఫీ చేప పులుసు, పప్పు, పచ్చిపులుసు.
మిరపకాయ ముక్కుకెక్కి చెమటలు కారినా
ఆగలే.
పచ్చిపులుసు గిన్నె రెండు చేతులతోని లేపి
జుర్రున తాగిండు.
మేం జుర్రితే కసిరే పోశన్న
ఏమనక, ఇంకో గంటెడు పోసిండు.

మెట్లు దిగుకుంట చెప్పిండు సారు:
"మా దేశం పోతే బోర్డులు చదువకు.
వాకిట్ల సగం పరద ఏలాడుతది,
దాని కింద కాళ్ళు కనవడ్తయి.
మట్టి బూట్లున్న కాడ దూరు.
రేవు ఊర్లైతే తెల్లారగట్ల
చేపల పాట ముగిసినంక పో.
మూల బల్ల మీద వంటాయన బిడ్డ
లెక్కలు చేసుకుంటుంటే
అక్కడ కూసో.
ఏముందని అడుగకు.
పక్కోని పల్లెం దిక్కు ఏలు చూపు."

ఎండకాలం రాకముందే ఆయన కంట్రాక్టు అయిపోయింది.
హకాటాల ఇప్పుడు ఎవరో ఒకరు కూసుంటరు.

మొన్న ఒసాకాల ఓ కొత్త జంట,
జుఫైర్ కెళ్ళి వచ్చినోళ్ళు.
వచ్చే నెల జపాను పోతరట.
"అన్నా, మీకు తెలిసే ఉంటది,
అక్కడ ఎక్కడ తింటే మంచిది?"
ఆ పిల్ల ఫోను పక్కకు పెట్టి
బిల్లు కాయితం తిరగేసి పెన్ను పట్టింది.

తెల్వదంటే అయిపోయేది.
నాకు పాస్‌పోర్టు మీద ఒక్కటే దేశం ముద్ర.
అయినా మొదలువెట్టిన:
పరద, కాళ్ళు, మట్టి బూట్లు,
మూల బల్ల మీద లెక్కలు.
ఆయన నవ్విండు.
ఆమె నవ్వలే, రాసుకుంటనే ఉన్నది.
చివరికి తలెత్తి
"హోటల్ పేరు?" అన్నది.

పెన్ను కాయితం మీద అట్లనే ఆగింది.

అంతల కనజావా ఊగుతున్నదని
ఎవరో కేకేసిండ్రు.
జేబుల ఇంకో అట్టముక్క ఉన్నదేమోనని
తడుముకుంట పోయిన.