వత్తుకు డబ్బుల్లేవు

అక్షరానికి రెండు రూపాయలు.
గుడి కట్టినా, కొమ్మిచ్చినా అదే రేటు.
వత్తుకు డబ్బుల్లేవు.
సామ్రాజ్యవాదం అంటే అయిదక్షరాలు;
కింద వేలాడే రావత్తూ యావత్తూ
యూనియనాఫీసుకి నా చందా.

రెండువేల మూడు, మార్చి.
కాన్వెంట్ జంక్షన్ దాటాక పోర్టు ప్రహరీ.
కోరాడ సూరిబాబు టార్చి పట్టాడు,
జలీల్ మేస్త్రి తాడు కొట్టి గీతలు దింపాడు.
ఇనప ఖనిజం దుమ్ము డబ్బాలో పడి
ఎరుపు ఇంకాస్త ఎరుపెక్కింది.

'యుద్ధం' నేను రాశాను.
'బాగ్దాద్' ఆయన్ని రాయమన్నాను, చెయ్యి తిరిగినవాడని.
గ వరకూ బాగానే వచ్చింది.
దావత్తు దగ్గర ఆగాడు.
కొండమీది దర్గా దీపం కేసి చూసి
"ఈ ఊరి పేరు మా దాదీ
నిద్రపుచ్చే కథల్లో విన్నాన్రా,
గోడకి రాస్తాననుకోలేదు" అన్నాడు.
వత్తు దింపాడు. రంగు పల్చనైందేమో, జారింది.
తుడవబోతే వద్దన్నాడు.

మూడు వారాలకి ఆ ఊరు పడిపోయిందని
టీకొట్టు రేడియో చెప్పింది.
గోడమీద ఇంకా 'ఆపాలి' అనే ఉంది.

మరుసటేడు రొయ్య.
అమెరికాలో ఎక్కడో రొయ్యలు పట్టేవాళ్ళు కేసేశారట,
మన రొయ్య మరీ చవకని, ఆ చవకే నేరమని.
సుంకం పడింది.
తెడ్డు పోలమ్మ ఐసులో చేతులు పెట్టి
రోజంతా రొయ్య వొలిచే కంపెనీకి తాళం పడింది.
"ఓలమ్మో, ఆల కోర్టుల
నా ఏళ్ళ గురించి సెప్పుకున్నారా?" అని నవ్వింది.
కూలిచ్చేవాళ్ళు లేక
ఆ మాట ఏ గోడకీ ఎక్కలేదు.

రెండువేల ఏడు, సెప్టెంబరు.
సముద్రంలో అయిదు దేశాల యుద్ధనౌకలు, విన్యాసాలు.
పెదజాలరిపేటలో తెప్పలు ఇసకెక్కాయి.
మైలపల్లి గురయ్య వల కుట్టుకుంటూ
"సేపలకి సెప్పారా ఈ సంగతి?" అన్నాడు.
బీచిలో రష్యా సబ్‌మెరైను మాత్రం
టికెట్టు మీద పిల్లల్ని కడుపులోకి పంపించుకుంటోంది.

ఆ రాత్రి అదే గోడ, కొస నుంచి కొసకి.
అణు ఒప్పందం వద్దు. అమెరికా గో బ్యాక్.
అ మె రి కా: నాలుగక్షరాలు, ఒక్క వత్తూ లేదు,
కళ్ళు మూసుకుని రాయగలను.

తెల్లారి ఎవరో పెద్దోళ్ళొస్తున్నారని
కార్పొరేషన్ జవాను సున్నం బకెట్టుతో
నా ఇంటికే వచ్చాడు. వెళ్ళాను.
రాసినందుకో కూలి, పూసినందుకో కూలి.
సూరిబాబు సైకిలాపి చూశాడు.
ఏమీ అనలేదు.
అనుంటే బాగుండేది.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది,
వత్తులూ దీర్ఘాలూ మొహాలూ కలిపి అడుగుకింత.
జలీల్ మేస్త్రికి ముందు చూపు పోయింది,
ఆనక మనిషి.

హుద్‌హుద్ ఆదివారం వచ్చింది.
ఫ్లెక్సీలన్నీ లేచి ఎటు పోయాయో పోయాయి.
గాలీ వానా కలిసి గోడని గోళ్ళతో గీకాయి.
సోమవారం పాలపాకెట్టు కోసం తిరుగుతూ అటెళ్ళాను.
సున్నం పొరలుగా ఊడి
'అణు'లోంచి 'ఇరా' తొంగిచూస్తోంది,
'వద్దు' మీద ఏదో కోచింగు సెంటరు ఫోను నంబరు,
ఎవరికో చెప్పిన 'స్వాగతం' తోక.
మోకాలెత్తున, పైన ఏ అక్షరమూ లేకుండా
ఒక్క దావత్తు.
దాని కింద, జారిన చార.

సంక్రాంతి వెళ్ళాక కాంట్రాక్టరు ఫోను:
గోడంతా తెల్లగా కొట్టి ఓడలూ డాల్ఫిన్లూ వెయ్యాలి,
పైన 'అమెరికా సహకారంతో స్మార్ట్ సిటీ'.
అక్షరానికెంత?
చెప్పాను. ఈసారి వత్తుక్కూడా కట్టాలన్నాను.
"ఇదేంటి కొత్తగా?" అని నవ్వి పెట్టేశాడు.
పెట్టేశాడంటే ఒప్పుకున్నట్టే, నేను.

వేశాను. నీలం కలిపి ఓడ కింద నీళ్ళు పోసేటప్పుడు
ఆ దావత్తు చుట్టూ కుంచె తిప్పుకొచ్చాను,
దాన్ని ముట్టుకోలేదు.
ఎర్రటి అలేమిటని ఇంతవరకు
ఎవరూ అడగలేదు.