అని

కాశీబుగ్గ మూడురోడ్ల దగ్గర
జెరాక్సు, ఫ్లెక్సీలు, పెళ్ళి వీడియోలు నా పని.
ఎన్నికలొస్తే ఇంకో పని కూడా.

దమయంతమ్మ వీడియో పదకొండు నిమిషాలు.
గాలివాన తర్వాత వచ్చిన టార్పాలిన్ల లెక్క అది.
నలభై ఆరు వచ్చాయి. ఇళ్ళు అరవై ఒకటి.
పదిహేనింటిని సగానికి కోసి
ఎవరికి నిండుది, ఎవరికి ముక్క
ఆయాసపడుతూ ఒక్కో పేరూ చెప్పుకొచ్చింది.
నడుమ ఒకచోట మాత్రం గొంతు పెంచింది:
"నానే తిన్నానని ఎవులైనా అంటే
పుస్తకం అట్టుకొస్తాను, సూసుకోండి."

నేను కోసింది ఒక్క అక్షరం దగ్గర.
'తిన్నానని'లో చివరి 'ని'.
ముందుదీ తీసేశాను, వెనకదీ తీసేశాను.
మిగిలింది రెండు సెకన్లు:
"నానే తిన్నాన."
మా వైపు యాసలో అది నిండు వాక్యమే.
తెగినట్టు ఎవరికీ తెలీదు.

ఢిల్లేసు రెండు వేలిచ్చాడు, బిర్యానీ పొట్లం ఇచ్చాడు.
"నీ సెయ్యి బంగారంరా" అన్నాడు.

మధ్యాహ్నం పలాస స్టేషను టీ బడ్డీలో
"తినీసిందట" అన్నారు.
మందస బస్సు ఎక్కేసరికి ఆ 'ట' ఎక్కడో జారిపడింది.
"తినీసింది."
రాత్రికి సోంపేటలో ఒకాయన
లారీ ఎక్కిస్తుంటే తన కళ్ళతో చూశాడు.
తెల్లారేసరికి ఆ లారీ
టెక్కలిలో మేడై లేచింది.
దమయంతమ్మ ఇంటి మీద అవే రేకులు,
ఎగిరిపోకుండా పెట్టిన అవే ఇటుకలు.

జీడి బట్టీలో ఆమె పక్కన ఇప్పుడెవరూ పీట వేసుకోవడం లేదట.
(ఈ 'ట' నాది. వెళ్ళి చూడలేదు నేను.)

బుధవారం ఆమే వచ్చింది షాపుకి.
కొంగులోంచి తీసింది పుస్తకం, పధ్నాలుగు పేజీలు,
"రెండేసి తియ్యి బాబూ. ఒకటి ఎమ్మార్వోకి."
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది,
మళ్ళీ లెక్కపెట్టింది.
"నువ్వు వీడియోలు సేస్తావు గదా,
ఆ రోజు నా మాట మొత్తం
ఎవులి కాడైనా దొరుకుద్దేటి?"

నా మోకాలికి తగులుతూ కంప్యూటరు వేడిగా ఉంది.
పదకొండు నిమిషాలూ అందులోనే ఉన్నాయి.

"నేదమ్మా" అన్నాను.

మెషిను కింద వెలుగు అటూ ఇటూ నడిచింది.
తొమ్మిదో పేజీ. నలభై మూడో వరస.
పైల అప్పలనర్సమ్మ, సగం ముక్క.
పక్కన వేలిముద్ర, ఉత్త నీలం మరక.
ముప్పై ఏళ్ళు జీడి ఒలిచిన వేలు,
నూనె తినేసింది గీతలన్నీ.
ఆ వేలితోనే చిన్నప్పుడు నాకు బొట్టు పెట్టేది.
మా అమ్మ.

కాగితాలు వేడివేడిగా చేతికిచ్చాను.
"ఒకటి తక్కువైనట్టుంది, సూడు" అంది.
తొమ్మిదోది మెషిను మీదే మరిచాను.

రాత్రి ఢిల్లేసు ఫోను.
"దాని పుస్తకం సూసినావా? ముద్రల్లో గీతల్నేవురా!
ఎట్టీ ఇప్పుడే."
"దొంగ ముద్రలనా?"
"'అని' ఏటి మద్దిన? దొంగ ముద్రలు. తిన్నగా ఎట్టీ."

వంటింట్లో అమ్మ ఎదురింటామెతో అంటోంది,
"మనకేటిచ్చినాది, అంతా అదే తినీసినాది."

చూరు మీద ఎండకి వెలిసిన నీలం ముక్క
గాలికి లేచి పడుతోంది.
కత్తెర పెట్టిన అంచు
ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది నాకు.
ఎంత తిన్నగా కోసింది.